ఆవుల్ని పిలిచినవాడు

టెకొలోటే రాంచ్‌లో గడ్డి చచ్చిపోయి ఏడేళ్ళయింది. అసలు వానే లేదని కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు మబ్బు పట్టేది, నాలుగు చినుకులు రాలేవి, తుమ్మాకుల మీది దుమ్ము బురదై మళ్ళీ ఎండిపోయేది. అంతే. 1956 అక్టోబరు నాటికి ఆ దక్షిణ టెక్సస్ నేల మీద పచ్చగా మిగిలింది ఒక్క నాగజెముడే. దానికి వానతో పని లేదు. ఆవులకు దానితో పని ఉంది కానీ, మట్టమట్టకూ వేలెడు ముళ్ళు. ఆ ముళ్ళు కాల్చి ఆవుల నోటికి అందించడం తెలెస్ఫోరో ఉరీబే పని.

పొద్దు పొడవగానే అతను కిరసనాయిలు డబ్బా వీపుకు కట్టుకునేవాడు. డబ్బా నుంచి రబ్బరు గొట్టం, దాని చివర బారెడు ఇనపగొట్టం, ఆ గొట్టం మూతిలో మంట. అందరూ దాన్ని మిషను అనేవాళ్ళు. గాలి కొట్టి అంటించగానే విమానం నేల మీద పాకుతున్నట్టు మోత పెట్టేది. మైలు దూరం వినిపించేది. మంటను జెముడు పొద మీద అటూ ఇటూ ఆడిస్తే ముళ్ళు చిటపటమని మాడిపోయేవి, మట్టలు మాత్రం పచ్చగా మెరుస్తూ మిగిలేవి. అప్పటికే పొదలు విరుచుకుంటూ ఆవులు పరుగెత్తుకొచ్చేవి. మట్ట చల్లారేదాకా కూడా ఆగేవి కావు. నాలుక కాలుతున్నా నమిలేవి, మూతుల నుంచి ఆకుపచ్చని జిగురు తీగలు తీగలుగా సాగేది.

తెలెస్ఫోరోకి యాభై రెండేళ్ళు. పుట్టింది ఈ రాంచ్‌లోనే. తండ్రి పుట్టిందీ ఇక్కడే. ఆ నేల కాగితాల మీద ఒకప్పుడు ఉరీబేల పేరు ఉండేదని తాత చెబుతుండేవాడు. ఇప్పుడు ఆగ్డెన్‌ల పేరు ఉంది. తెలెస్ఫోరో దాని గురించి ఎవరితోనూ వాదించలేదు. కాగితం ఎవరి పేటికలో ఉంటేనేం, ఏ పల్లంలో తేమ ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఏ ఆవు ఏ పొద వెనక ఈనుతుందో తెలిసినవాణ్ణి నేనే కదా అని ఒక మొండి తృప్తి. పనివాళ్ళకి ఇలాంటి తృప్తులు చాలా ఉంటాయి. వాటికి జీతం ఇవ్వక్కర్లేదు కాబట్టి దొరలు వాటిని తెగ మెచ్చుకుంటారు.

పెద్దదొర ఆగ్డెన్ బతికున్నన్నాళ్ళూ అతనికి రెండు విషయాల్లో మాట తప్పలేదు. ఒకటి, దొర మందలోనే తెలెస్ఫోరో తన ఆవుల్ని, తన సొంత ముద్ర వేసుకుని, మేపుకోవచ్చు. పెళ్ళినాడు తండ్రి ఇచ్చిన ఒక్క పెయ్య సంతతి అది. కరువులో పోయినవి పోగా ఏడు మిగిలాయి. రెండోది, వేటకొచ్చే అతిథులు ఉత్తరాన ఉన్న పొదల్లోనే వేటాడాలి. ఆవులు మేసే దక్షిణపు బీడులో తుపాకీ పేలకూడదు. ఆ నియమం దొర కాగితం మీద రాయలేదు. భోజనాల బల్ల దగ్గర చెప్పాడు, నలభై ఏళ్ళు నడిచింది.

ఆ సంగతి మనుషులకంటే ముందు జింకలకు తెలిసింది. నవంబరులో ఉత్తరాన తుపాకులు మొదలవగానే అవి ఒక్కొక్కటే కంచె దూకి దక్షిణానికి వచ్చేసేవి. కరువు మూడో ఏట ఒక ఉదయం తెలెస్ఫోరో మిషను ఆపి వెనక్కి చూస్తే, ఆవులు తిని వదిలిన పొద దగ్గర ఒక ఆడజింక మాడిన మట్ట కొరుకుతోంది. మర్నాడు మూడు వచ్చాయి. ఆ తర్వాత ఒక మగజింక, పెద్ద దుప్పి, వచ్చింది. ఎడమచెవి చీలి ఉంది, కొమ్ములు చేతివేళ్ళు చాపినట్టు వెడల్పుగా ఉన్నాయి. మొదట్లో అది యాభై అడుగుల దూరాన నిలబడి, ఆవులు కదిలాకే వచ్చేది. రెండేళ్ళు తిరిగేసరికి ఆవుల మధ్యకే వచ్చి తినసాగింది. కనేలా అని దాల్చినచెక్క రంగు ముసలి ఆవు ఒకటి తెలెస్ఫోరోది. అదీ ఆ దుప్పీ ఒకే పొదకి చెరోవైపు నిలబడి తినేవి. ఒక్కోసారి కనేలా కొమ్ము విసిరేది, దుప్పి తల వెనక్కి తీసి మళ్ళీ ముందుకు పెట్టేది.

తెలెస్ఫోరో ఈ సంగతి భార్య ఓబ్దూలియాకి చెప్పాడు. తనతో పనిచేసే బావమరిది చానోకి ఎలాగూ తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు.

పెద్దదొర ఆ వసంతంలో పోయాడు. చిన్నదొర శాన్ ఆంటోనియోలో ఉండేవాడు. అక్టోబరు చివర్లో కారు వేసుకుని వచ్చి దొడ్డి కంచె మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఫోరో, ఈ ఆవుల్ని పంపించేద్దాం."

"ఎక్కడికి దొరా?"

"సంతకి. ఇంకెక్కడికి, చర్చికా? చూడు ఎలా ఉన్నాయో, బట్టలారేసుకునే కొయ్యల్లాగా. నా అతిథులు వేటకొచ్చి వీటి మొహాలు చూస్తూ కూర్చోవాలా?"

"బక్కచిక్కాయి కానీ నిలబడ్డాయి దొరా. ఈ ఏడాది ఒక్కటి కూడా పడిపోలేదు. కాల్చిన జెముడు తింటున్నాయి, కాస్త పత్తిగింజల చెక్క పెడుతున్నాం. ఇప్పుడమ్మితే ఎముకల కిందే తీసుకుంటారు. వసంతం దాకా ఆగండి. ఒక్క వాన పడనివ్వండి."

"వాన! మా నాన్నా ఆ మాటే అంటూ పోయాడు." చిన్నదొర నవ్వాడు. "ఆవులుంటే జింకలకి మేత ఉండదు. నాకు జింకలు కావాలి ఫోరో. హ్యూస్టన్ వాళ్ళు ఆవుల్ని చూడ్డానికి రారు."

పక్కనే చానో ఉన్నాడు. చానోకి ఎప్పుడూ మాట అందుతుంది, అదే వాడి జబ్బు.

"జింకలకేం తక్కువ దొరా!" అన్నాడు చానో టోపీ వెనక్కి నెట్టుకుంటూ. "మా బావ మిషను అంటిస్తే చాలు, ఆవులతో పాటు అవి కూడా బంతిభోజనానికి కూర్చుంటాయి. ఇక వడ్డించడమే తరువాయి."

చిన్నదొర కంచె మీది చేతులు తీసేశాడు.

"ఏం జింకలు? కొమ్ములున్నవా?"

చానో బావ మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఫోరో, నిన్నే. కొమ్ములున్నది వస్తుందా?"

"ఒకటి వస్తుంది దొరా."

"పెద్దదా?"

తెలెస్ఫోరో అబద్ధం ఆడటం చేతకానివాడు. టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. చిన్నదొరకి అదే చాలు.

"ఇదిగో విను. ప్రూయిట్ గారని మా స్నేహితుడు, చమురుబావుల ఆసామి. మూడేళ్ళుగా వస్తున్నాడు, చెప్పుకోదగ్గ కొమ్ము ఒక్కటి దొరకలేదు. ఆయనకి ఆ దుప్పిని నీ మిషనుతో పిలిచి చూపించు. నీ ఆవులు వసంతం దాకా ఇక్కడే ఉంటాయి. నా మాట."

"పెద్దదొర ఈ బీడులో తుపాకీ పేలకూడదన్నారు…"

"పెద్దదొర లేరుగా," అన్నాడు చిన్నదొర, ఎంతో మెత్తగా.

ఆ సాయంత్రం ఓబ్దూలియా పెనం మీద తోర్తియాలు కాలుస్తూ తమ్ముణ్ణి చూపులతోనే కాల్చింది.

"నీ నోటికి కుట్లు వేయించాల్రా. అమ్మ చిన్నప్పుడే ఆ పని చేయాల్సింది."

"నేనేదో నవ్వించబోయానక్కా. ఆవులుంటాయన్నాడుగా! నూరు పైచిలుకు ఆవులకి ఒక్క దుప్పి. ఏమంత నష్టం బావా? అది ముసలిది, ఇంకో చలికాలం చూస్తుందో లేదో."

"నేనూ ముసలివాణ్ణే," అన్నాడు తెలెస్ఫోరో.

"నిన్ను ఏ ప్రూయిటూ గోడకి తగిలించుకోడులే, భయపడకు."

తెలెస్ఫోరో నవ్వలేదు. రొట్టె తుంచి చిక్కుడుగింజల పులుసులో ముంచి, తినకుండా పట్టుకు కూర్చున్నాడు. "నన్ను చూసి రాదది. మోత విని వస్తుంది. మోత అంటే మేత అనుకుంటుంది."

"పిలిస్తే ఆవులుంటాయి. పిలవకపోతే పోతాయి," అంది ఓబ్దూలియా. "నాకు మాత్రం బాగుందా ఏమయ్యా? కానీ రేపు ఆ కనేలాని లారీ ఎక్కిస్తుంటే నువ్వెలా ఉంటావో నాకు తెలుసు. ఆ దుప్పి పోతే నాలుగు రోజులు అన్నం సయించదు. ఆవులు పోతే నువ్వు నాకు మిగలవు."

అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడంలోనే ఒక జాగ్రత్త కూడా ఆలోచించాడు. ఆవులు దగ్గర లేకుండా చేయాలి. ముందురోజే మందనంతా తూర్పున ఉన్న చిన్న బీడులోకి తోలి గేటు వేసేస్తే, తను పడమటి అంచున మిషను అంటిస్తాడు. దుప్పి వస్తుంది, తుపాకీ పేలుతుంది, అయిపోతుంది. ఆ చప్పుడు గుర్తుంటే జింకలకి గుర్తుంటుంది, ఆవులకేం? ఇదీ అతని లెక్క. ఆవుల్ని అంత ఎరిగినవాడు కూడా ఆ ఒక్క విషయంలో పొరపడ్డాడు. ఆకలిగా ఉన్న ఆవుకి ఆ మోత వినిపిస్తే మధ్యలో కంచె ఉందని గుర్తుండదు. మిషను వచ్చిన పన్నెండేళ్ళుగా, కరువుకి ముందు చలికాలాల్లోనూ, వాటికి ఆ పాఠం నేర్పింది తనే.

నవంబరు మూడో వారంలో ఒక ఉదయం. ప్రూయిట్ గారు లావుపాటి మనిషి, మంచివాడే. తెలెస్ఫోరోకి చెయ్యి కలిపి, పేరు అడిగి, తప్పుగా పలికి, మళ్ళీ అడిగి నేర్చుకున్నాడు. మంచివాళ్ళ చేతిలో పోవడం కూడా పోవడమే. ఆయన్నీ చిన్నదొరనీ తుమ్మచెట్టు చాటున పెట్టెల మీద కూర్చోబెట్టి, తెలెస్ఫోరో వంద అడుగులు ముందుకు నడిచి మిషను అంటించాడు.

పావుగంట కాలేదు. ముందు రెండు ఆడజింకలు, వెనక చీలిన చెవి. దుప్పి మామూలుగానే వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఆవులు కనబడకపోయేసరికి కాస్త తటపటాయించి ఒక కాలు ఎత్తి ఆగింది. అప్పుడే తూర్పున తీగలు తెగిన చప్పుడు. పుచ్చిన తుమ్మ గుంజలు ఫెళఫెళా విరిగాయి. మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఆవులు రాగానే దుప్పికి ధైర్యం వచ్చింది. కాలు దించి ముందుకు నడిచింది.

తెలెస్ఫోరో మిషను ఆర్పి చేతులు పైకెత్తి ఊపాడు. "వద్దు! వద్దు దొరా! ఆగండి!"

మొదటి గుండు దుప్పి కడుపులో తగిలింది. అది కూలి, లేచి, ఆవుల మధ్యకి పరుగెత్తింది. ఆపదలో అటే వెళ్ళాలని దానికి అన్నేళ్ళలో అలవాటైంది. ప్రూయిట్ గారికి రక్తం తలకెక్కింది. ఇంకో నాలుగు పేల్చాడు. మూడోది దుప్పిని పడగొట్టింది. మిగతావాటిలో ఒకటి తెలెస్ఫోరో ముద్ర ఉన్న తొలిచూలు చుక్కల పెయ్య మెడలో దిగింది.

అది వెంటనే చావలేదు. మోకాళ్ళ మీద కూలి, నోరు తెరిచి, మనిషి అరిచినట్టే అరిచింది. మంద చుట్టూ మూగింది. నెత్తురు వాసన చూసి తలలు దించి, గిట్టలతో దుమ్ము చిమ్ముతూ ఒకటే రోదన. అంత రోదన తెలెస్ఫోరో తన జన్మలో వినలేదు. తర్వాత ఒక్కసారిగా, ఎవరో తోలినట్టు, మంద విరిగి పొదల్లోకి దూసుకుపోయింది. మాడిన జెముడు వాసన గాలిలో అలాగే ఉంది. ఒక్క మట్టా ముట్టలేదు.

తెలెస్ఫోరో నడుము నుంచి కత్తి తీసి పెయ్య పని పూర్తిచేశాడు.

"అయ్యయ్యో, ఎంత పనైంది, ఎంత పనైంది!" అన్నాడు ప్రూయిట్ గారు. నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కొమ్ములు పట్టుకుని ఫోటో దిగాడు. కొమ్ములు అతిథికి, మాంసం పనివాళ్ళకి, అది ఆ సీమ ఆచారం. ఆ ఏడాది క్రిస్మస్‌కి చానో ఇంట్లో మొక్కజొన్నపిండిలో దుప్పి మాంసం పెట్టి తమాలేలు వండారు. తెలెస్ఫోరో కూడా తిన్నాడు. తినకపోవడానికి అతనేమీ రుషి కాడు.

తుపాకీ పేలిన మర్నాడు ఉదయం మిషను అంటించాడు. ఎవరూ రాలేదు.

బెదిరిపోయాయి, రెండు రోజుల్లో వస్తాయి అనుకున్నాడు. మూడోరోజు, నాలుగోరోజు, వారం. రోజూ పొద మీద పొద కాల్చేవాడు. మోత ఆగాక చెవులు రిక్కించి నిలబడేవాడు. పొదల లోపల కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించేది, కానీ అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. జింకలు మాత్రం పది రోజుల్లో మళ్ళీ వచ్చాయి. ఏమీ జరగనట్టు వచ్చి, ఆవుల వాటా కూడా తిని పోయాయి.

"బావా, ఆ మిషనుకి బదులు నన్ను అరవమను," అన్నాడు చానో. వాడి గొంతులో వెనకటి హుషారు లేదు. "నా నోటి వల్లే కదా ఇదంతా."

"నీ నోరు కాదురా. నా చెయ్యి."

ఆకలికి ఆగలేక ఆవులు పచ్చి జెముడు తినడం మొదలుపెట్టాయి, ముళ్ళతో సహా. డిసెంబరులో మొదటిది పడిపోయింది. దాని పెదవులు, చిగుళ్ళు, నాలుక కింద, అంతా ముళ్ళు. సూదుల దిండులా వాచిపోయిన నోరు. నీళ్ళ తొట్టి ముందే పడింది, నీళ్ళు తాగలేక. తర్వాత రోజుకొకటి. చిన్నదొర టెలిఫోనులో అడిగితే తెలెస్ఫోరో ఉన్నమాట చెప్పాడు.

"మేతకి రావడం లేదు దొరా. మోత వింటే పారిపోతున్నాయి. పచ్చి ముళ్ళు తిని నోళ్ళు కుళ్ళి చస్తున్నాయి."

చెప్పకుండా ఉండాల్సింది. ఆ మాటని అవతల పక్క భద్రంగా దాచుకున్నారు.

ఇక మిషను పక్కన పెట్టేశాడు. అది రాకముందు, తండ్రి కాలంలో, జెముడు ఎలా కాల్చేవాళ్ళో అతనికి గుర్తుంది. కొడవలితో మట్టలు కోసి, పుల్లల మంట వేసి, పంగలకర్రతో ఒక్కొక్కటీ తిప్పి కాల్చేవాళ్ళు. మోత ఉండదు. పొగ, మనిషి గొంతు, అంతే. అప్పట్లో ఆవుల్ని గొంతుతోనే పిలిచేవాళ్ళు. తోమా, తోమా అని. తీసుకో, తీసుకో అని ఆ మాటకి అర్థం. తండ్రి గొంతు తనకి రాలేదు కానీ, ఆ మాటని సాగదీసే తీరు మాత్రం వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ పిలుపుతో పని పడలేదు.

చానో నవ్వాడు, బాధగా. "ఒక్క పొద కోసి కాల్చేసరికి మధ్యాహ్నమవుతుంది బావా. ఎన్నింటికి పెడతావు?"

"ఎన్ని వస్తే అన్నింటికి."

పొదల లోపలికి, అవి దాక్కున్న చోటికే వెళ్ళి మంట వేశాడు. "తోమా… తోమా…" రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడోరోజు పొగ అవతల తుమ్మకొమ్మ కదిలింది. కనేలా. దానికి పదిహేనేళ్ళు. దూడగా ఉన్నప్పుడు ఆ పిలుపు విన్న ఆవు మందలో అదొక్కటే. నోరు వాచి ఒక పక్కకి వంకరపోయింది. పది అడుగుల దూరంలో ఆగి, ముక్కుతో గాలి పీల్చి, అలాగే నిలబడిపోయింది.

"రా తల్లీ," అన్నాడు తెలెస్ఫోరో. "రా. నేనే."

అది వచ్చింది. అతను మట్ట ఇవ్వలేదు ముందు. నేల మీద కూర్చుని, దాని తల ఒళ్ళోకి లాక్కుని, జేబులోంచి పట్టకారు తీసి ముళ్ళు లాగడం మొదలుపెట్టాడు. ఒక్కో ముల్లుకీ అది ఒళ్ళు జలదరించేది కానీ తల లాక్కోలేదు. నలభైదాకా తీసి లెక్క మరిచిపోయాడు. తర్వాత మట్టల్ని సన్నగా తరిగి, చల్లార్చి, అరచేతిలో పెట్టి తినిపించాడు.

కనేలా వెంట రెండోరోజు మూడు వచ్చాయి. వారానికి పదకొండు. జనవరి నెలంతా అతను ఉదయం నుంచి పొద్దుగూకేదాకా కోసి కాల్చాడు. చేతులకి బొబ్బలు లేచి, చితికి, గట్టిపడ్డాయి. ఓబ్దూలియా కూడా వచ్చి మంట దగ్గర కూర్చునేది. చానో కోసి మోసేవాడు. ఫిబ్రవరి మొదటికి బతికున్నవి అరవై మూడు. అరవై మూడూ ఆ గొంతుకి వచ్చేవి. అతను పిలిచీ పిలవకముందే పొదల్లోంచి తలలు బయటికి పెట్టేవి. అతని సొంతవి నాలుగు మిగిలాయి.

"గెలిచావయ్యా," అంది ఓబ్దూలియా ఒక సాయంత్రం, కనేలా మెడ నిమురుతూ. "వాన రానీ రాకపోనీ, గెలిచావు."

చిన్నదొర ఫిబ్రవరి రెండోవారంలో వచ్చాడు. ప్రూయిట్ గారూ ఆయన స్నేహితులూ మూడేళ్ళకి రాంచ్ మొత్తం వేటకి తీసుకున్నారట. దక్షిణపు బీడే వాళ్ళకి కావాలట, ఆవులు లేకుండా.

"లారీలు బుధవారం వస్తాయి."

"వసంతం దాకా అన్నారు దొరా. మాటిచ్చారు."

"ఇచ్చాను. కానీ మేతకి రావడం లేదని నువ్వే కదా చెప్పావు? నోళ్ళు కుళ్ళి చస్తున్నాయని నువ్వే చెప్పావు. వాటి మీద జాలితోనే పంపిస్తున్నాననుకో."

"ఇప్పుడు వస్తున్నాయి దొరా! అన్నీ వస్తున్నాయి. కావాలంటే చూపిస్తాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ దానికి ఇంకో అర్థం ఉందని అతనికి తెలియలేదు.

"వస్తున్నాయా?" అన్నాడు చిన్నదొర. "మరింకేం! వాటిని పట్టడానికి కుక్కల్నీ పక్క రాంచ్ వాళ్ళనీ పిలిపిద్దామనుకుంటున్నా. ఈ పొదల్లో ఉచ్చులు వేసి ఈడ్చుకొచ్చేసరికి సగం చస్తాయి. నువ్వు పిలిస్తే వస్తాయంటే నువ్వే పిలువు."

"నా నాలుగు?"

"బీడు ఖాళీగా ఉండాలని ఒప్పందం, ఫోరో. నావైతే ఏంటి, నీవైతే ఏంటి? నీకు పని మాత్రం ఉంటుంది. జింకలకి జెముడు కాల్చాలిగా, మిషనుతో."

తెలెస్ఫోరో ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చానో పళ్ళు కొరుకుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"పిలవకు బావా. కుక్కల్ని తెచ్చుకోనీ. వాడి చావు వాణ్ణి చావనీ."

"కుక్కలు వస్తే చచ్చేది వాడు కాదురా."

"అయితే నేను పిలుస్తాను. ఆ పాపం నాకు రానీ."

"నీ గొంతుకి రావు." తెలెస్ఫోరో భార్య వైపు చూశాడు. ఈసారి ఆమె లేచి పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఏం చెప్పినా తప్పే అయ్యేది.

బుధవారం దొడ్డి వాకిలికి మూడు లారీలు వెనక్కి ఆనించి పెట్టారు. తెలెస్ఫోరో చేతిలో కొడవలి లేదు, మంట లేదు. ఒక బుట్టెడు మట్టలు ఓబ్దూలియా పొద్దున్నే కాల్చి ఇచ్చింది. ఉత్త చేతులతో పిలవడం తనవల్ల కాదన్నాడు. బీడు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు.

"తోమా… తోమా…"

అన్నీ వచ్చాయి. పరుగున కాదు, నింపాదిగా వచ్చాయి. అతను వెనక్కి తిరిగి దొడ్డి వైపు నడిచాడు. అవి వరుస కట్టి వెంట నడిచాయి, కనేలా ముందు, దాని ముక్కు అతని మోచేతిని తాకుతూ. అతను దొడ్డిలోకి వెళ్ళాడు, అవీ వెళ్ళాయి. ఇరుకుదారిలోకి వెళ్ళాడు, అవీ వెళ్ళాయి. చెక్కబాట మీదుగా లారీ ఎక్కి, లోపలి గోడ దగ్గర నిలబడి మళ్ళీ పిలిచాడు. గిట్టలు చెక్క మీద టకటకలాడాయి. ఒక లారీ నిండితే మరోదాంట్లో నిలబడి అలాగే పిలిచాడు. లారీ డ్రైవర్లు సిగరెట్లు పక్కన పెట్టి చూశారు. ఒక్క అదిలింపు లేకుండా, ఒక్క కర్ర దెబ్బ లేకుండా అరవై మూడు ఆవులు లారీ ఎక్కడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"నీ చేతిలో ఏదో మంత్రముంది పెద్దాయనా," అన్నాడు ఒకడు, మెచ్చుకుంటూనే.

తెలెస్ఫోరో గోడకీ ఆవుకీ మధ్య నుంచి ఒత్తుకుని బయటపడ్డాడు. బుట్ట లోపలే వదిలేశాడు. మూడో లారీ కదిలాక కూడా అవి అరవలేదు. అదే అతనికి అన్నిటికన్నా భరించలేనిది. అరిచి ఉంటే కాస్త తేలికగా ఉండేదని చాలా ఏళ్ళ తర్వాత ఓబ్దూలియాతో అన్నాడు.

ఏప్రిల్లో వాన పడింది. మామూలుగా కాదు, వాగులు పొంగి రోడ్లు తెగేలా. మేలో గడ్డి మోకాలెత్తు లేచింది. తెలెస్ఫోరో ఒకరోజు ఆ గడ్డిలో అటు నుంచి ఇటు నడిచి, చిన్నదొరకి తాళాలు అప్పజెప్పి, భార్యతో ఆలిస్ పట్నానికి వచ్చేశాడు. మిషనుతో జింకల్ని పిలిచే పని చానోకి ఇచ్చారు. చానోకి ముగ్గురు పిల్లలు. కాదనలేకపోయాడు.

పట్నంలో తెలెస్ఫోరో ఒక బడిలో నేల తుడిచే పని పంతొమ్మిదేళ్ళు చేశాడు. ఎవరితోనూ తగవు లేదు, పెద్దగా స్నేహమూ లేదు. పిల్లలు అతన్ని మూగతాత అనేవాళ్ళు. నిజానికి మాట్లాడేవాడు, దగ్గరికి వచ్చి. గంట కొట్టాక ఆటస్థలం చివర ఒక పిల్లో పిల్లాడో మిగిలిపోతే, మిగతా పనివాళ్ళు గుమ్మంలోంచే కేకేసేవాళ్ళు. అతను చీపురు గోడకి ఆనించి, ఆ ఎండలో, ఆ స్థలమంతా దాటి వెళ్ళి, పక్కన నిలబడి, "బడి మొదలైందమ్మా" అని చెప్పి తిరిగొచ్చేవాడు. మోకాళ్ళు నొప్పులు పుట్టాక కూడా అంతే. ఇంట్లో ఓబ్దూలియా పెరట్లో ఉంటే పెరట్లోకి వెళ్ళేవాడు, వీధిలో ఉంటే వీధిలోకి. ఆఖరి జబ్బులో మంచం మీద నీళ్ళు కావలసినప్పుడు కూడా పిలవలేదు. ఆమె అటు వచ్చేదాకా కళ్ళు తెరిచి, గుమ్మం వైపు చూస్తూ పడుకునేవాడు.